మెత్తటి వాపు అనగానే హెర్నియా పెట్టేశాను

నీట్ పీజీ (ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటు కోసం రాసే పరీక్ష) రాయబోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ర్యాంకు కథ కాదు, నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను.

హన్మకొండ నయీంనగర్‌లో రూమ్ తీసుకుని చదువుతున్న రోజులు. గ్రాండ్ టెస్టులో ఒక ప్రశ్న: 35 ఏళ్ల మహిళ, పెరీనియంలో (జననాంగానికీ మలద్వారానికీ మధ్య భాగంలో) మెత్తటి వాపు, నొప్పి లేదు, మెల్లగా పెరుగుతోంది. ఎంఆర్ఐ టీ2లో (నీరున్న చోటు తెల్లగా కనిపించే రకం చిత్రంలో) సుడులు తిరిగిన పొరలు. నేను ‘మెత్తటి వాపు’ దాకా చదివి పెరీనియల్ హెర్నియా నొక్కేశాను. రావాల్సిన నాలుగు మార్కులు రాలేదు, పైగా మైనస్ ఒకటి.

జవాబు అగ్రెసివ్ యాంజియోమిక్సోమా, ఒక రకం మెత్తటి కణితి. ఆ పేరు నా నోట్సులో ఉంది! 1983లో స్టీపర్, రోసాయ్ అనే డాక్టర్లు వివరించారని కూడా రాసుకున్నాను. ఏం లాభం?

సాయంత్రం భద్రకాళి బండ్ మీద నడుస్తూ సీనియర్ అక్కకు ఫోన్ చేశాను. ఓదారుస్తుందనుకున్నాను. “దగ్గితే ఇంపల్స్ ఉందని, అంటే వాపు ఉబికి చేతికి తగుల్తదని రాసిండ్రా? నొక్కితే లోపలికి పోతదని ఉందా? మరి హెర్నియా ఎట్ల పెట్టినవ్?” అంది.

ఆ రాత్రి ‘హెర్నియాలా కనిపించేవి’ అని ఒక పేజీ మొదలుపెట్టాను. బార్తోలిన్ సిస్ట్ (యోని ద్వారం దగ్గరి గ్రంథిలో వచ్చే నీటి తిత్తి), లైపోమా (కొవ్వు గడ్డ), యాంజియోమయోఫైబ్రోబ్లాస్టోమా (అక్కడే వచ్చే ఇంకో మెత్తటి కణితి) అన్నీ అందులోకే. హెర్నియాలో కటి కండరాల సందులోంచి పేగో కొవ్వో జారుతుంది. యాంజియోమిక్సోమా అయితే జిగురులాంటి, నీరెక్కువున్న కణితి. అందుకే చేతికి మెత్తగా తగులుతుంది, టీ2లో తెల్లగా మెరుస్తుంది. బయట కనిపించేది కొంతే, లోపల పెల్విస్‌లోకి చాలా దూరం పాకి ఉండొచ్చు. హెర్నియా అనుకుని కోస్తే లోపల కొంత మిగిలిపోతుంది, ఏళ్ల తర్వాత కూడా అక్కడే మళ్లీ వస్తుంది. ‘అగ్రెసివ్’ అన్నది అందుకే. వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు. సాధారణంగా ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్లు పాజిటివ్, కాబట్టి జీఎన్‌ఆర్‌హెచ్ అగోనిస్టులూ (ఆ హార్మోన్లను తగ్గించే మందులు) వాడతారు. ఇలా ఒకదానికొకటి ముడిపడ్డాక బట్టీ పట్టాల్సింది పెద్దగా మిగల్లేదు.

ఇంకో మాట. 40 ప్రశ్నల సెక్షన్‌కు 42 నిమిషాలే, అది దాటితే వెనక్కి వెళ్లలేం. ఆ టెన్షన్‌లో మొదటి లైన్‌కే ఆప్షన్ నొక్కేస్తాం. ఇమేజింగ్ లైన్ చాలాసార్లు చివర్లోనే ఉంటుంది. ఇప్పుడు ముందు అదే చదువుతున్నాను.

అసలు పరీక్షలో నాకు ఈ కణితి రానే లేదు. పేజీ మాత్రం దాచుకున్నాను. కావాలంటే ఫొటో పెడతా, చేతిరాత చూసి నవ్వొద్దు.