మేము గెలిచామా, మనం గెలిచామా?

మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఇంగ్లండ్‌లో ఇయర్ నైన్ చదువుతోంది. మొదటి ప్రపంచ యుద్ధం పాఠం కోసమని పోయిన మార్చిలో బడివాళ్ళు పిల్లల్ని బెల్జియంలోని ఈప్ర్ అనే ఊరికి తీసుకెళ్ళారు. రాత్రి పదకొండింటికి బస్సు దిగింది, బూట్ల నిండా బురదతో. పెరుగన్నం కలిపి పెడుతుంటే, "అమ్మా, ఈ యుద్ధం మేము గెలిచాం కదా?" అంది.

నా చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో తెలుగే మాట్లాడాలని మా నియమం. చిన్నప్పట్నుంచీ దానికి 'మేము', 'మనం' దిద్దుతూనే ఉన్నాను. ఎదుటివాళ్ళని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట కాబట్టి ఇక్కడి పిల్లలకి ఇది ఓ పట్టాన పట్టుబడదు. ఆ రాత్రి మాత్రం ఏమని దిద్దాలో నాకే తెలియలేదు. 'మేము' అని వదిలేస్తే నా కూతురు అటువైపు, నేను ఇటువైపు. 'మనం' అని దిద్దితే, ఆనాడు మనల్ని ఏలినవాళ్ళ గెలుపు నా గెలుపైపోతుంది. "ముందు తిను, పొద్దుపోయింది" అన్నాను.

మర్నాడు ఫోటోలు చూపించింది. మెనిన్ గేట్ అనే పెద్ద తోరణం, దాని గోడల నిండా పేర్లు. 54,000 పైచిలుకు. అన్నీ శవం దొరకని, దొరికినా ఎవరిదో తెలియని సైనికులవి. ఎందుకు దొరకలేదో నాకు తనే చెప్పింది. మైళ్ళ దూరం నుంచి గుండ్లు వచ్చి పడుతుంటే, పూడ్చిన చోటే మళ్ళీ మళ్ళీ తవ్వుకుపోతుంటే, ఇంకేం మిగులుతుంది? "ఎవరు చంపుతున్నారో వాళ్ళకి కనిపించరు కదమ్మా" అంది. 1928 నుంచీ రోజూ సాయంత్రం ఎనిమిదింటికి అక్కడ బ్యూగిల్ ఊదుతారట. మధ్యలో, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆ ఊరిని పట్టుకున్న ఏళ్ళలో మాత్రం ఆగింది. అది వింటూ పక్కనున్న స్నేహితురాలు ఏడ్చేసిందట, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడిందట ఇది. ఒక ఫోటో దగ్గర ఆగి, "ఇక్కడ ఇండియావాళ్ళ పేర్లున్నాయి, మా మిస్ చూపించింది" అంది.

ఆ మాటతో నేను చదవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉండి ఇంతకుముందే ఎందుకు చదవలేదా అని బాధేసింది. మన దేశం నుంచి సముద్రాలు దాటి ఆ యుద్ధానికి వెళ్ళినవాళ్ళు పది లక్షలకు పైగా. తిరిగి రానివాళ్ళు 70,000కు పైగా. లాహోర్, మీరట్ డివిజన్లనే మన సైనిక దళాలు 1914 శరత్కాలంలో ఫ్రాన్స్‌లోని మార్సేలో ఓడ దిగి నేరుగా ఆ చలిలోకి, ఆ బురదలోకి వెళ్ళాయి. జర్మన్లు క్లోరిన్ విషవాయువు వదిలింది కూడా ఈప్ర్ పక్కనే, 1915 ఏప్రిల్ 22 సాయంత్రం. రంగుల పరిశ్రమలో పుట్టే సరుకే అది. గాలి అటు తిరిగేదాకా కాచుకుని వేల సిలిండర్లు విప్పారు. నాలుగు రోజుల తర్వాత లాహోర్ డివిజన్‌ని అదే చోట ముందుకి తోశారు. సరైన మాస్కుల్లేవు, ముక్కుకి తడిగుడ్డే దిక్కు. ఆ రోజు మీర్ దస్త్ అనే జమాదారు, అంటే సైన్యంలో చిన్న అధికారి, గుండ్లు పడుతున్నా, ఎనిమిదిమంది అధికారుల్ని మోసుకొచ్చాడు. ఆగస్టులో ఐదో జార్జి రాజు అతనికి స్వయంగా విక్టోరియా క్రాస్ అనే అత్యున్నత సాహస పతకం ఇచ్చాడు. వాయువు పీల్చిన ఒళ్ళు మాత్రం మళ్ళీ మునుపటిలా కాలేదు.

ఆ పతకం ఇచ్చిన చోటు మాకు దగ్గరే. బ్రైటన్‌లో ఉల్లిపాయల్లాంటి గోపురాలున్న పాత రాజుగారి విలాస భవనం. 1914 డిసెంబరు నుంచి ఏడాదికి పైగా దాన్ని మన గాయపడ్డ సిపాయిలకి ఆసుపత్రి చేశారు. మతాలకీ కులాలకీ తగ్గట్టు తొమ్మిది వంటిళ్ళు పెట్టారు, హిందువులకీ ముస్లింలకీ వేరే కుళాయిలు పెట్టారు. "బాగా చూసుకున్నారు కదమ్మా" అంది అమ్మాయి. బాగానే చూసుకున్నారు, కాదనను. కానీ కోలుకున్నవాళ్ళలో చాలామందిని మళ్ళీ కందకాల్లోకే పంపారు. ఈ రెండూ కలిపి చెప్పకపోతే పిల్లకి అబద్ధం చెప్పినట్టేనని నా నమ్మకం.

మావారికి ఇది నచ్చలేదు. "నవంబర్లో అందరితోపాటు ఎర్రపువ్వు పెట్టుకుని తిరిగే పిల్ల. దాని మనసులో ముల్లు నాటకు" అన్నారు. ఆయన భయం నాకు తెలుసు. బడిలో వేరుగా కనబడటం ఎంత కష్టమో మా ఇద్దరం చూస్తూనే ఉన్నాం. యుద్ధంలో పోయినవాళ్ళ జ్ఞాపకంగా ఇక్కడివాళ్ళు పెట్టుకునే ఆ పువ్వు వద్దని నేనెప్పుడూ అనలేదు, అననూ అనను. అది ఎవరెవరి కోసమో తెలిసి పెట్టుకోవాలన్నాను. ఆ ఆదివారం ఆయనే కారు తీశారు.

బ్రైటన్ పైనున్న కొండల మీద ఛత్రి అనే స్మారకం ఉంది. అక్కడిదాకా కారు వెళ్ళదు, పచ్చికలో గొర్రెల మధ్యనుంచి నడవాలి. ఆసుపత్రుల్లో చనిపోయిన 53 మంది హిందూ, సిక్కు సిపాయిలకి అక్కడ చితి పేర్చారు. 1921లో తెల్లటి పాలరాతి మండపం కట్టారు. పేర్లు చెక్కిన రాయి మాత్రం 2010లో గానీ రాలేదు. గాలికి జుట్టు మొహాన పడుతుంటే వెనక్కి తోసుకుంటూ మా అమ్మాయి ఒక్కో పేరూ పైకి చదివింది. చదివాక, "మన తెలుగువాళ్ళు రాలేదా?" అంది.

ఒకప్పుడు కుంపిణీ సైన్యంలో తెలుగువాళ్ళు ఎంతమంది ఉండేవారంటే, ఉత్తరాదిలో సిపాయినే 'తిలంగా' అనేవారు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయని లెక్కలు వేసుకుని మనవాళ్ళని చేర్చుకోవడం బాగా తగ్గించేశారు. అదీ చెప్పాను. కానీ తూకానికి మన శవాలు కూడా చూపించాలన్న ఆరాటం నాకు లేదు. ఆ రాయి మీది పేర్లు నా భాషవి కాకపోయినా, అక్కడ నిలబడితే నా కళ్ళు తడిశాయి. అయినా ఇలాంటి యుద్ధం సిపాయిల దగ్గరే ఆగదు. మా ఇంటిదాకా ఎలా వచ్చిందో చెప్పగలిగిన మనిషి ఇంకా ఉంది.

మా అమ్మమ్మకి తొంభై రెండేళ్ళు. విశాఖలో ఉంటుంది. వీడియో కాల్‌లో మునిమనవరాలు "ట్రెంచ్ అంటే తెలుసా తాతమ్మా?" అని మొదలుపెడితే, ఆవిడ వెంటనే, "తెలవకేటమ్మా! మా పెరట్లోనే తవ్వినారు. పనసచెట్టు కింద" అంది. అది అవాక్కైంది, దానితోపాటు నేనూ.

అది రెండో ప్రపంచ యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఓడ మీంచి లేచి వచ్చి, వేసి, వెళ్ళిపోయాయి. పోయిన ప్రాణాలు తక్కువే గానీ ఊరు ఖాళీ అయిపోయింది. "రేత్రికి రేత్రి బండి కట్టించుకుని చోడవరం ఏపు ఎల్లిపోనాం మేం. పొయ్యి మీద గంజి అలాగే ఉండిపోనాది" అంది అమ్మమ్మ. అప్పటికి వాళ్ళ నాన్న రంగం నుంచి ఇంకా రాలేదు. రంగూన్‌ని మావైపు రంగం అనేవారు. రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనికి మా తీరం నుంచి వేలమంది అక్కడికి వెళ్ళేవారు. ఈయన మిల్లులో మేస్త్రీ. 1941 డిసెంబరు 23న రంగం మీద బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరకనివాళ్ళు కొండల మీదుగా, అడవుల్లోంచి నడిచారు. అలా బర్మా విడిచి వచ్చిన భారతీయులు నాలుగు లక్షలకు పైగా ఉంటారు. దారిలో కలరా, ఆకలి, దప్పిక.

ఆయన ఎండలు ముదిరాక ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడితే కన్నకూతురు గుర్తుపట్టలేదు. కూడా బయల్దేరిన తమ్ముడు రాలేదు, ఎక్కడ పోయాడో ఆయన చివరిదాకా చెప్పలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికాడు. ప్రతి రాత్రీ తలగడ పక్కన ఇత్తడి చెంబుతో నీళ్ళు ఉండాల్సిందే. నడిరేయి లేచి చీకట్లో చెంబులోకి వేలు పెట్టి చూసుకునేవాడట. తాగడానికి కాదు, ఉన్నాయో లేదో అని.

ఫోను పెట్టక ముందే మా అమ్మాయి నా చెవిలో, "తాతమ్మ అంతా 'మేం' అంటోంది, 'మనం' అనట్లేదు" అంది. నిజమే. పరిగెత్తినవాళ్ళు వాళ్ళు. అందులో మమ్మల్ని కలుపుకోవాల్సిన పనేముంది ఆవిడకి?

"ఆ చెంబు ఉందా తాతమ్మా?" అనడిగింది అమ్మాయి.

"ఎక్కడుందమ్మా! మీ అమ్మమ్మ పెళ్ళికి ఇత్తడంతా ఏసీసి స్టీలు సామాను కొన్నాం."

అది నోట్‌బుక్కు తెచ్చుకుని చెంబు బొమ్మ గీసింది. తెరకి దగ్గరగా పట్టి, నీళ్ళు ఎక్కడిదాకా పోయాలని అడిగింది.

"మూతి దాకా" అంది అమ్మమ్మ.