హెచ్ ఇండెక్స్ గడిలో పట్టని మనిషి

ప్రమోషన్ ఫారంలో ఈసారి కొత్తగా ఒక గడి పెట్టారు, హెచ్ ఇండెక్స్ ఎంత అని. నాది నాలుగు. అంటే ఒక్కోదాన్ని కనీసం నలుగురు తమ పేపర్లలో ప్రస్తావించిన (దీన్నే సైటేషన్ అంటారు) పరిశోధన పేపర్లు నాకు నాలుగున్నాయన్నమాట. ఆ నలుగురిలో ఒకోసారి నేనూ ఉంటాను, అది వేరే సంగతి. నిజానికి ఐదో ఆరో ఉండాల్సింది, మన ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు వల్ల డేటాబేసులో నేను ఇద్దరు మనుషులుగా బతుకుతున్నాను, సగం పేపర్లు ఇంటిపేరు ఖాతాలో, సగం నా పేరు ఖాతాలో.

ఉక్రోషం పట్టలేక, ఖగోళ శాస్త్రం పేపర్లన్నీ దొరికే నాసా వాళ్ల ఏడీఎస్‌లో ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పేరు కొట్టి చూశాను. ఆయనే ఎందుకంటే, మన హైదరాబాద్‌లో పెరిగిన మనిషి. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు, ఈయన నిజాం కాలేజీలో చదువుతున్నప్పుడే వెలుగు మారే నక్షత్రాల మీద పరిశీలనలు ప్రచురించారు. తర్వాత హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లారు. వెళ్లిన ఏడాదే, 1949లో, ఫొటో ప్లేటు మీద కొత్త తోకచుక్క ఒకటి ఆయన కంటపడింది. దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు పెట్టారు.

ఆయనకి పేరు తెచ్చిన అసలు పేపరు మాత్రం 1957లో వచ్చింది, అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్‌తో కలిసి, ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో. అప్పుడు ఆ పత్రిక సంపాదకుడు మన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. సూర్యుడిలాంటి, ఇంకా చల్లటి నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం వల్ల ఒక నల్లటి గీత పడుతుంది, దాన్ని కె గీత అంటారు. దాని నడిమధ్యన సన్నగా ఒక వెలుగు చార ఉంటుంది. 185 నక్షత్రాల్లో ఆ చార వెడల్పు కొలిచి చూస్తే తేలిందేమిటంటే, నక్షత్రం స్వతహాగా ఎంత ప్రకాశవంతమైనదో చార అంత వెడల్పు. నక్షత్రం రకంతో, ఉష్ణోగ్రతతో దాదాపు పనిలేదు. మిణుకుమిణుకుమనే మరుగుజ్జుల నుంచి, వాటికి పది లక్షల రెట్లు వెలిగే మహాకాయుల దాకా అదే సూత్రం! చార కొలిస్తే అసలు కాంతి తెలుస్తుంది, అది తెలిస్తే కంటికి కనిపించే కాంతితో పోల్చి దూరం లెక్కగట్టొచ్చు. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించే విషయమిది.

తమాషా ఏమిటంటే దీన్ని అందరూ విల్సన్-బప్పు ఎఫెక్ట్ అనేస్తారు, కాబట్టి చాలామంది ఆ పేపరుని విడిగా ప్రస్తావించాల్సిన అవసరం కూడా చూడరు. పేరు పాఠ్యపుస్తకంలోకి ఎక్కిందంటే సైటేషన్ల లెక్కలోంచి జారిపోయినట్టే. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త కనిపెట్టిన ఈ హెచ్ ఇండెక్స్‌కి అదంతా పట్టదు. పైగా ఎన్ని వేలమంది ప్రస్తావించినా ఒక పేపరు దానికి ఒక పేపరే.

ఇంకో సంగతి. 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ డైరెక్టరయ్యాక ఆయన సమయం చాలావరకు పేపర్లకి కాదు, చోటు వెతకడానికి, అద్దాలకి, వర్క్‌షాపులకి, ఢిల్లీ ఫైళ్లకి పోయింది. తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు అనే ఊరి దగ్గర చీకటి బాగుందని అక్కడ టెలిస్కోపులు పెట్టించారు. 1972లో ఒక మీటరు అద్దమున్న టెలిస్కోపు వచ్చింది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని కప్పబోతూ ఉండగా దాంతో చూస్తున్న భట్టాచార్య, కుప్పుస్వామి నక్షత్రం వెలుగు చటుక్కున తగ్గడం గమనించి, కొత్త ఉపగ్రహం కాబోలు అనుకుని నేచర్ పత్రికలో అలాగే రాశారు. తర్వాత తెలిసింది, అది ఉపగ్రహం కాదు, యురేనస్ చుట్టూ ఉన్న వలయం. ఆ పేపరు మీద బప్పు పేరు లేదు. టెలిస్కోపు పెట్టించినవాడికి ఏ ఫారంలోనూ గడి లేదు మరి.

పెద్దది, 2.34 మీటర్ల అద్దంతో ఇక్కడే తయారుచేయాలని ఆయన పట్టుబట్టిన టెలిస్కోపు, ఆయన చూడలేదు. అంతర్జాతీయ ఖగోళ సంఘం అధ్యక్షుడిగా 1982 ఆగస్టులో గ్రీసులో జరిగే మహాసభకి వెళ్లాల్సిన మనిషి, సభలు జరుగుతుండగానే 19న మ్యూనిక్‌లో పోయారు. 55 ఏళ్లు. టెలిస్కోపుకి 1986లో ఆయన పేరే పెట్టారు, దాంతో చేసిన పరిశీలనల మీద వచ్చే పేపర్లలో ఆ పేరు ఉంటుంది, రచయితల వరసలో కాదు, పరికరాల పేరాలో.

ఏడీఎస్ ఆయన్నీ వదల్లేదు లెండి, ఆయన పేరూ రెండు మూడు రకాలుగా పడి ఉంది. అది చూశాక నా నాలుగుని నాలుగుగానే రాసి ఫారం పంపేశాను.