పాత ఇటుక గోడకి మళ్లీ సున్నమే: నా అనుభవం

గుంటూరు కొత్తపేటలో మాది తాతగారు కట్టించిన ఇల్లు. మందపాటి గోడలు, మెత్తటి ఇటుక, మధ్యలో సున్నపు గార. నాన్నగారి హయాంలో లోపల సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. తర్వాత్తర్వాత నడుమెత్తు దాకా చెమ్మ పాకింది. రంగు పొంగి, వేలు తగిలితే పెచ్చులు రాలేవి. పెచ్చు వెనక తెల్లటి ఉప్పు.

వచ్చిన మేస్త్రీలందరిదీ ఒకటే మాట: "చెక్కేసి, వాటర్‌ప్రూఫ్ కలిపి మళ్లీ సిమెంటు కొట్టేద్దామండీ." నాకు ఎక్కలేదు. ఈ కాలపు పునాదుల మీద తేమ రాకుండా వేసే పట్టీ మా ఇంటికి లేదు, నేలలోని నీరు ఇటుకల్లోకి ఎక్కక మానదు. ఎక్కింది గోడ ముఖాన ఆరిపోవాలి. సిమెంటు ఆ దారి మూసేస్తే చెమ్మ ఇంకాస్త పైకి పోతుంది, ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకని పొడి చేస్తుంది. సున్నం పూతైతే ఆవిరిని బయటికి వదులుతుంది. ఉప్పు తిన్నా ముందు పూతనే తింటుంది.

ముందు నీళ్ల సంగతి చూశాం. రోడ్డు మీద రోడ్డు వేసి వీధి మా అరుగు ఎత్తుకి వచ్చింది, వానొస్తే నీళ్లు గోడ మొదట్లోనే నిలిచేవి. అక్కడ కాలవ తీయించి, గోడకి ఆనుకుని పోసిన గచ్చు పగలగొట్టించాం. ఇది చేయకుండా ఏ పూత వేసినా డబ్బు దండగే.

సున్నానికి పిడుగురాళ్ల బట్టీలున్నాయి కాబట్టి వెతుకులాట లేదు. బస్తా పొడి వద్దని, రాళ్ల సున్నమే కావాలని మా పెద్ద మేస్త్రి పట్టుబట్టాడు. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, రాళ్లు కొద్దికొద్దిగా వేశాడు. కుతకుతా ఉడికి ఆవిరి లేచింది. కంట్లో పడితే చూపుకే ముప్పు, పిల్లల్ని పెరట్లోకి రానివ్వలేదు. పైన నీళ్లు నిలిపి వారాల తరబడి నానబెడితే వెన్నలా తయారైంది.

ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక, ఆ ఇసుకలోనే కొంత ఇటుక పొడి. చెమ్మ చోట గట్టిపడటానికి ఇటుక పొడి సాయం చేస్తుంది. బెల్లం, కరక్కాయ నీళ్లు కూడా పోద్దామన్నాడు. చీమలకి భయపడి బెల్లం నేనే వద్దన్నాను! "కాస్త సిమెంటు కలిపితే తొందరగా పట్టేస్తది" అని కుర్రాళ్లు గొణుగుతూనే ఉన్నారు, ఒప్పుకోలేదు.

సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని నిదానంగా గట్టిపడుతుంది. మన మే ఎండకి పూత పగుళ్లిస్తుంది, అందుకే పని చలికాలంలో పెట్టుకున్నాం. పాత సిమెంటు చెక్కి, సందులు గీకి, గోడ బాగా తడిపి, పలచగా పొర మీద పొర వేశారు. తడి గోనె పట్టాలు కట్టి, సన్నగీతలు పడ్డచోట చెక్కతో మళ్లీ రుద్దారు. గోరు దిగనంతగా గట్టిపడ్డాకే పై పొర.

రంగుల షాపతను పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్ అంటగట్టబోయాడు. అవి పూస్తే మళ్లీ మూత వేసినట్టే, అందుకని పైన కూడా సున్నమే కొట్టించాం. ఆనుకుంటే చీరకి అంటుతోందని అమ్మ విసుక్కుంటోంది. ఉత్తరపు గోడ అడుగున ఇంకా కాస్త ఉప్పు పూస్తోంది. కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుందని పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేస్తున్నాం.