చేత పట్టుకుని తీసే 4×5: పోలరాయిడ్ 110బితో కె.ఆర్. మార్కెట్‌లో

పోలరాయిడ్ 110బి అరవై ఏళ్ల క్రితం నాటి మడత కెమెరా. దానికి కావలసిన రోల్ ఫిల్మ్ తయారీ 1992లో ఆగిపోవడంతో, రోడెన్‌స్టాక్ వారి 127 ఎమ్ఎమ్ ఎఫ్ 4.7 ఇసారెక్స్ లెన్సూ, ప్రోంటర్ షట్టరూ, ఒకే కిటికీలోంచి ఫోకస్‌నూ చట్రాన్నీ చూపే రేంజ్‌ఫైండరూ బాగానే ఉండి కూడా అది అలంకార వస్తువుగా మిగిలిపోయింది. కొందరు పనివాళ్లు దాని వెనుక భాగాన్ని కోసి, 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ హోల్డర్లు పట్టే గ్రాఫ్లాక్ బ్యాక్ బిగించడం మొదలుపెట్టారు. నా దగ్గర ఉన్నది అలా మార్చిన కెమెరాయే. బెంగళూరులో నేను దీన్ని ఎక్కువగా కె.ఆర్. మార్కెట్ పూల అంగళ్ల మధ్య వాడుతున్నాను.

ఈ మార్పిడిలో కోత కన్నా కొలత కష్టం. వెనుక భాగం మారగానే ఫిల్మ్ ఉండే తలం జరుగుతుంది. హోల్డర్ లోపల ఫిల్మ్ అంచు నుంచి దాదాపు 5 మిల్లీమీటర్ల లోతున కూర్చుంటుంది కనుక, లెన్స్ ఆగే చోటును కూడా ఆ లెక్క ప్రకారం మళ్లీ సర్దాలి. రేంజ్‌ఫైండర్‌లో కనిపించే ఒకే వస్తువు రెండు బొమ్మలు ఒకటైన క్షణాన లెన్స్ కూడా సరిగ్గా ఆ దూరానికే ఫోకస్ అయి ఉంటే తప్ప ఈ కెమెరా ఎందుకూ పనికిరాదు. అందుకే కెమెరాను స్టాండుపై నిలిపి, హోల్డర్ చోట గ్రౌండ్ గ్లాస్, అంటే బొమ్మ పడే గరుకు గాజు పలక, పెట్టి, దూరాన ఏదో అపార్ట్‌మెంటు శిఖరాన వెలిగే ఎర్ర దీపంతో ఒకసారి, ఒకటిన్నర మీటర్ల దూరాన గోడకు అంటించిన వార్తాపత్రికతో మరోసారి భూతద్దం పెట్టి సరిచూస్తూ ఉంటాను. రెండు కొసలూ కలిస్తే నడుమ దూరాల గురించి పెద్దగా బెంగ ఉండదు.

తెల్లవారకముందే మొదలయ్యే పూల బేరంలో టార్పాలిన్ పట్టాల కింద బల్బుల వెలుతురే గతి. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు ఫిల్మ్ వేగాన్ని (వెలుతురును పట్టే శక్తిని) 400కు బదులు 1600గా లెక్కగట్టి, లెన్స్‌ను పూర్తిగా తెరిచి, సెకనులో 30వ వంతుకు తీస్తే బొమ్మ పడుతుంది. ఆ తరువాత డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచాలి. అయితే ఒకటిన్నర మీటర్ల దూరంలో, లెన్స్ అలా పూర్తిగా తెరిచిన ఎఫ్ 4.7 వద్ద, స్పష్టంగా కనిపించే లోతు సుమారు 13 సెంటీమీటర్లే. నిలబడ్డ మనిషి తనకు తెలియకుండానే ముందుకూ వెనుకకూ ఊగుతాడు; ఆ ఊగుకే కళ్లలో ఉన్న ఫోకస్ చెవుల దాకా పోగలదు. అందుచేత నేను ఫోకస్‌ను ఒకసారి పెట్టి వదిలేసి, ఆపైన నడుము దగ్గర కొద్దిగా వంగుతూ రెండు బొమ్మలు కలిసిన చోట ఊపిరి బిగబట్టి మీట నొక్కుతాను.

చామంతులు మూరలుగా కట్టే ఒక అవ్వ, కుప్పం వైపు మనిషి, నేను ఇలా ఊగడం చూసి, "ఇంగా ఎంతసేపు నాయనా, బోణీ టైమప్పుడు అడ్డం నిలబడితే ఎట్లా?" అంది. ఆమె అన్నదాంట్లో న్యాయముంది. షట్టర్‌ను విడిగా బిగించాలి, ఫోకస్ చూడాలి, హోల్డర్‌లో ఫిల్మ్‌ను కప్పి ఉంచే డార్క్ స్లైడ్ పలకను లాగి వేళ్ల మధ్య ఇరికించుకోవాలి, తీశాక దాని నల్లని వైపు బయటికి కనబడేలా తిరిగి దూర్చాలి. తెల్లని వైపు కనబడితే ఇంకా వాడని ఫిల్మ్ అని గుర్తు. హోల్డర్‌కు రెండే షీట్లు. అందుకే ఈ కెమెరాతో మనిషి ముఖాన్ని వెంటాడను. వేళ్లు దారాన్ని చుట్టే తీరు మళ్లీ మళ్లీ అదే చోటికి వస్తుంది గనుక, ఆ చోటికి ముందే ఫోకస్ పెట్టుకుని కాచుకుంటాను.

ట్రైపాడ్ లేని లార్జ్ ఫార్మాట్ (4×5, అంతకు మించిన షీట్ ఫిల్మ్ కెమెరా) దండగ అనేవాళ్లున్నారు. లెన్స్‌ను పైకి జరపడం, వంచడం వంటి వీలు ఈ కెమెరాకు లేదన్న మాట నిజమే. జరిపే వీలున్నా 127 ఇసారెక్స్ 4×5ను అతి కష్టం మీద కప్పుతుంది కనుక మూలలు చీకటి పడతాయి. భవనాలు తీసేవారు దీని జోలికి పోనక్కరలేదు. కానీ చేతి వణుకు గురించి చెప్పే భయం మాత్రం నాకు సబబుగా తోచదు. 8×10 అంగుళాల ప్రింటుకు 35 ఎమ్ఎమ్ నెగటివ్‌ను ఎనిమిది రెట్లు పెంచాల్సి వస్తే, దీన్ని రెండు రెట్లు పెంచితే చాలు. పొడుగు లెన్స్ వల్ల నెగటివ్ మీద వణుకు ఎక్కువే పడినా, పెంపు తక్కువ కనుక అదే దృశ్యాన్ని 35 ఎమ్ఎమ్‌తో తీసినదాని కన్నా ప్రింటులో మించి కనబడదు. పైగా లెన్సులోనే ఉండే ఆకు షట్టర్ (రేకుల్లా తెరుచుకునేది) వల్ల, ఎస్ఎల్ఆర్ కెమెరాల్లోలా ఎగిరే అద్దం లేదు, దాని కుదుపూ లేదు. నెగటివ్ వైశాల్యం 35 ఎమ్ఎమ్‌కు దాదాపు పదమూడు రెట్లు కనుక, 1600కు లాగిన ఫిల్మ్‌లో కూడా రేణువులు కంటికి అడ్డురావు. దారం ముడి దగ్గర రేకు నలిగిన గీత దాకా కనిపిస్తుంది.

నెగటివ్‌ను కాగితం మీదే పరిచి వెలుతురు చూపి తీసిన కాంటాక్ట్ ప్రింటును, అంటే సరిగ్గా 4×5 అంగుళాల బొమ్మను, అవ్వకు ఇచ్చాను. ఆమె బొమ్మలో తన ముఖం వైపు చూడనే లేదు. "చేతులు బాగా పడినాయి గానీ, పచ్చ చామంతులన్నీ తెల్లగా పడినాయే?" అని అడిగింది. నలుపు తెలుపు ఫిల్మ్‌లో పసుపు లేత బూడిదగా పడుతుంది. నీలి ఫిల్టర్ పెడితే అది ముదురుతుంది గానీ, ఆ ఫిల్టర్ మింగేసే వెలుతురు ఆ పట్టాల కింద, ఆ వేళకు, చేత పట్టిన ఈ కెమెరాకు దొరకదు.