పింటరెస్ట్‌లో నా ఎంబ్రాయిడరీ: ఏది కదిలింది, ఏది కదల్లేదు

ఫాలోయర్ల సంఖ్య ఒక్కటే రాస్తే ఈ లాగ్ ఒక్క మాటలో అయిపోతుంది: నత్తనడక. కానీ పింటరెస్ట్‌లో, అంటే జనం బొమ్మలు వెతుక్కుని దాచుకునే ఆ సైట్‌లో, ఆ సంఖ్యనే చూసుకుంటూ కూర్చుంటే నిజంగా ఏం కదులుతోందో కనబడదు. నా పిన్నులు (అక్కడ పెట్టే బొమ్మల పోస్టులు) చూసేవాళ్లలో చాలామంది నన్ను ఫాలో అవడం లేదు. ఆకు ఎలా కుట్టాలి, దారం ముడి ఎందుకు జారిపోతోంది అని వెతుక్కుంటూ వస్తారు, దొరికితే సేవ్ చేసుకుంటారు, నా పేరు కూడా చూడకుండా వెళ్లిపోతారు. మొదట్లో కాస్త చివుక్కుమనేది. ఇప్పుడు ప్రతి పిన్నూ వాళ్లని దృష్టిలో పెట్టుకునే చేస్తున్నాను, ఏ కాస్త ఎదుగుదల ఉన్నా అది అక్కడినుంచే వచ్చింది.

నేను చేసేది చేతి ఎంబ్రాయిడరీ. పూలు, ఆకులు, చిన్న చిన్న బార్డర్లు. ఒక్కో డిజైన్‌కీ ఒక పేజీ ఉంటుంది, అందులో డ్రాయింగు, వాడిన కుట్లు, దారం రంగులు ఉంటాయి. పిన్ మీద నొక్కితే ఆ పేజీకి చేరతారు.

ఖాతా పనులు

ఇది ఒక పూట పని, త్వరగా చెప్పేస్తాను. మామూలు ఖాతాని బిజినెస్ ఖాతాగా మార్చుకోవడానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు, మార్చగానే అనలిటిక్స్, అంటే పిన్నులు ఎలా నడుస్తున్నాయో చెప్పే లెక్కలు, వస్తాయి. తర్వాత సైట్‌ని క్లెయిమ్ చేసుకోవాలి, అంటే అది మనదేనని పింటరెస్ట్‌కి రుజువు చూపాలి. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ పెట్టొచ్చు, వాళ్లిచ్చిన ఫైల్ అప్‌లోడ్ చేయొచ్చు, లేదా డొమైన్ సెట్టింగ్స్‌లో టీఎక్స్‌టీ రికార్డు కలపొచ్చు. నాకు ట్యాగ్ సులువనిపించింది. క్లెయిమ్ అయితే మీ పేజీ నుంచి వేరేవాళ్లు సేవ్ చేసిన బొమ్మల లెక్క కూడా మీకు కనిపిస్తుంది. ప్రొఫైల్ పేరు పక్కన నేను ఏం నేర్పుతానో నాలుగు మాటల్లో చేర్చాను. లింకుల్ని కుదించే సర్వీసుల జోలికి వెళ్లలేదు, అలాంటి లింకులు స్పామ్ కింద బ్లాక్ అయ్యే అవకాశం ఉంది.

ఫొటో

నా టైమంతా పోయేది ఇక్కడే. పింటరెస్ట్ సూచించే కొలత 1000 x 1500 పిక్సెళ్లు, అంటే 2:3 నిష్పత్తి. అంతకంటే పొడవుగా పెడితే ఫీడ్‌లో కొంత భాగం తెగిపోవచ్చు. కొలత సరిచూసుకోవడం పెద్ద విషయం కాదు, ఆ ఫ్రేములో ఏం పెట్టాలన్నదే విషయం. ఫోన్‌లో పిన్నులు పక్కపక్కన రెండేసి వస్తాయి. అంత చిన్న జాగాలో గుడ్డ బిగించే రింగు మొత్తం చూపిస్తే ఏ కుట్టూ ఆనదు. అందుకని రింగు అంచులు వదిలేసి, ఒక్క ఆకునో ఒక్క రేకునో ఫ్రేము నిండా చూపిస్తున్నాను. పూర్తయిన పని మొత్తం కావాలనుకున్నవాళ్లకి అది పేజీలో ఉంటుంది.

ఇప్పటిదాకా బాగా ఆడిన పిన్ గురించి వివరంగా చెప్తాను. అది వంపు తిరిగిన తీగ మీద కాడకుట్టు (స్టెమ్ స్టిచ్). పైన మూడింట రెండు వంతుల జాగాలో ఒకే ఫొటో: సూది గుడ్డలోంచి సగం పైకి వచ్చి ఉంది, దారం సూదికి కిందివైపు ఉంది, పెన్నుతో గీసిన నీలం గీత ఇంకా చెరపలేదు. కింద పక్కపక్కన రెండు చిన్న ఫొటోలు. ఒకదాంట్లో వంపు దగ్గర కూడా కుట్లు పొడుగ్గానే వేయడంతో గీత మూలలు తిరిగి కనిపిస్తుంది. రెండోదాంట్లో అదే వంపు, కుట్లు సగానికి తగ్గించి, దారాన్ని మొదట్నుంచీ ఒకే పక్కన ఉంచి కుట్టింది. పైన "వంపు దగ్గర కుట్టు చిన్నది చేయండి" అన్న ఒక్క వాక్యం. అంతే. అదే తీగ పూర్తయిన ఫొటో, చుట్టూ ఎండుపూలు, పక్కన కాఫీ కప్పు పెట్టి తీసింది, దీనికంటే ఎంతో అందంగా ఉంటుంది. కానీ సేవ్‌లు వచ్చింది మాత్రం నీలం గీత ఉన్నదానికే. అందం చూసి వేలు ఆగుతుందేమో, సేవ్ చేసుకునేది మాత్రం మళ్లీ అవసరం పడుతుందనిపించినప్పుడే.

వెలుతురు గురించి: దారం మెలిక కనిపించాలంటే వెలుగు ఒక పక్కనుంచి, కిందుగా పడాలి. కిటికీ పక్కన బల్ల మీద గుడ్డ పరిచి, కిటికీకి ఎదురువైపు తెల్ల కాగితం నిలబెడతాను, నీడలు మరీ నల్లబడకుండా ఉంటాయి. ఫ్లాష్ వేస్తే కుట్టంతా గుడ్డ మీద అచ్చేసిన బొమ్మలా చదునుగా వస్తుంది. గుడ్డ ఇస్త్రీ చేయకుండా ఫొటో తీయకండి, కంటికి ఆనని ముడతలు కూడా పక్క వెలుగులో బయటపడతాయి. ఇస్త్రీ అంటే గుర్తొచ్చింది, వేడికి చెరిగిపోయే పెన్నులతో జాగ్రత్త. చలికి ఆ గీతలు తిరిగి వస్తాయి. ఈ ఒక్క సంగతి మీద విడిగా పిన్ చేస్తే అది కూడా బాగానే వెళ్లింది.

బొమ్మ మీద అక్షరాలు లావుగా, ఐదారు మాటలకు మించకుండా పెడతాను. వంకీలు తిరిగిన ఫాంట్లు ఎంబ్రాయిడరీకి నప్పుతాయనిపిస్తుంది గానీ ఫోన్‌లో చదవలేం. పోస్ట్ చేసేముందు పిన్‌ని ఫోన్‌లోకి పంపుకుని, చెయ్యి చాచి చూస్తాను. అంత దూరంనుంచి సూది ఎటు వెళ్తోందో తెలియకపోతే ఫొటో మళ్లీ తీయాల్సిందే.

టైటిళ్లు, బోర్డులు

టైటిల్‌కి 100 అక్షరాల దాకా జాగా ఉంది, కానీ ఫీడ్‌లో కనిపించేది మొదటి కొన్ని మాటలే. కాబట్టి కుట్టు పేరు ముందు, సమస్య తర్వాత. "నా కొత్త పని" అన్న టైటిల్‌ని వెతికేవాళ్లెవరూ ఉండరు. కుట్ల పేర్లు ఇంగ్లీషులో వెతికేవాళ్లే ఎక్కువ కాబట్టి టైటిళ్లు ఇంగ్లీషులోనే పెడుతున్నాను. ఏ మాటలు వాడాలో తెలుసుకోవడానికి సెర్చ్ బార్‌లో కుట్టు పేరు కొట్టి, కింద వచ్చే సూచనలు రాసుకుంటాను. పింటరెస్ట్ ట్రెండ్స్ అనే టూల్ కూడా ఉంది. అందులో గ్రాఫ్ 0 నుంచి 100 దాకా తులనాత్మకంగా ఉంటుంది, ఎంతమంది వెతికారన్న సంఖ్య కాదు. నేను దాన్ని ఒక్క పనికే వాడతాను: ఏ అంశం ఏ నెలలో పైకి లేస్తుందో చూడటానికి. జనం అక్కడ ముందుగానే ప్లాన్ చేసుకుంటారు కాబట్టి, గ్రాఫ్ లేవడానికి నెల, నెలన్నర ముందే పిన్నులు పెట్టేస్తాను. హ్యాష్‌ట్యాగులు మానేశాను, ఏ తేడా రాలేదు.

బోర్డులని, అంటే పిన్నుల్ని అంశాలవారీగా దాచుకునే ఫోల్డర్లని, చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అక్కడే ఎక్కువ మేలు ఉందని నా అభిప్రాయం, దానికి కారణం కూడా ఉంది. 2018లో పింటరెస్ట్ ఇంజనీర్లు, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కలిసి ఎవరికి ఏ పిన్ చూపించాలో ఎంచే పిన్‌సేజ్ అనే రికమెండేషన్ పద్ధతిని ప్రచురించారు. 300 కోట్ల పిన్నులు, బోర్డులు, వాటి మధ్య 1800 కోట్ల లంకెలున్న వలలాంటి గ్రాఫ్ మీద అది పనిచేసింది. సూక్ష్మంగా చెప్పాలంటే, ఒక పిన్ దేని గురించో తెలుసుకోవడానికి సిస్టమ్ బొమ్మనీ రాతనీ చూడటమే కాదు, దాన్ని జనం ఏ బోర్డుల్లో, ఏ పిన్నుల పక్కన పెట్టుకున్నారో కూడా చూస్తుంది. ఆ తర్వాత వాళ్ల పద్ధతులు చాలా మారి ఉంటాయి, ఆ మూలసూత్రం మాత్రం నాకు ఇప్పటికీ పనికొస్తోంది. "నాకు నచ్చినవి" అనే కలగూరగంప బోర్డులో పడేస్తే పిన్‌కి ఇరుగుపొరుగు సాయం ఉండదు. అందుకని ఆ బోర్డుని సీక్రెట్ చేసేసి, "ఆకులకు కుట్లు", "ముడి కుట్లు", "అక్షరాల ఎంబ్రాయిడరీ" లాంటి ఇరుకు బోర్డులు చేశాను. కొత్త పిన్‌ని ముందు దానికి బాగా దగ్గరైన బోర్డులోనే వేస్తాను.

ఒకే డిజైన్‌కి రెండు మూడు వేర్వేరు పిన్నులు చేస్తాను: కుట్టే దశ ఒకటి, పూర్తయినది ఒకటి, గుడ్డ వెనకవైపు ఒకటి. వెనకవైపు ఫొటోలు చూపించడానికి చాలామంది సిగ్గుపడతారు, నేర్చుకునేవాళ్లు మాత్రం వాటిని వదలరు. దారం ఎక్కడ ముగించాలో తెలిసేది అక్కడే కదా. రోజుకి పాతిక పిన్నులు పెట్టమనే సలహాలు నా కంటబడుతూనే ఉంటాయి. కుట్టడానికే పూటలు పట్టే పనిలో అది కుదరదు, కుదిరినా ఫొటోలన్నీ ఒకేలా వస్తాయి. వారానికి కొన్ని, షెడ్యూల్ చేసి వదిలేస్తాను.

అంకెలు ఎలా చదువుతున్నానంటే

ఇంప్రెషన్స్ అంటే పిన్ తెర మీద కనబడిన సార్లు. ఎవరైనా నిజంగా చూశారని కాదు, అందుకే అవి పెరిగినా గంతులేయను. పిన్ క్లిక్ అంటే పిన్‌ని పెద్దది చేసి చూడటం, అవుట్‌బౌండ్ క్లిక్ అంటే లింకు పట్టుకుని బయటి పేజీకి వెళ్లడం. ఈ రెండూ కలిపేసుకుని సంబరపడేవాళ్లున్నారు. పిన్ క్లిక్‌లు బాగా వచ్చి సేవ్‌లు రాకపోతే, దూరంనుంచి ఊరించింది గానీ తెరిస్తే సరుకు లేదని నా లెక్క, ఫొటో మారుస్తాను. సేవ్‌లు వచ్చి అవుట్‌బౌండ్ రాకపోతే, కావలసినదంతా బొమ్మలోనే దొరికిందన్నమాట. కాడకుట్టు పిన్‌ది ఇదే కథ. దానికి నేను బాధపడటం లేదు, అది సేవ్ అయిన ప్రతి బోర్డూ నా మిగతా పిన్నులకు ఒక దారి. ఫ్రెంచ్ నాట్ (ఒక ముడి కుట్టు) పిన్ మాత్రం మార్చాను: ముడి జారకుండా ఉండాలంటే సూదిని వచ్చిన రంధ్రంలోకే కాకుండా గుడ్డలో ఒక పోగు పక్కన దించాలన్న కిటుకు బొమ్మలోనే ఉంచి, ఎన్ని పోగుల దారానికి ముడి ఎంత లావు వస్తుందో చూపించే నమూనా పట్టీని పేజీలో పెట్టాను. అప్పట్నుంచి పేజీకి వచ్చేవాళ్లు పెరిగారు.

కొత్త పిన్‌ని మొదటి వారంలోనే తీసిపారేయకూడదు. ఇక్కడ పిన్‌కి ఆయుష్షు ఎక్కువ. నెలల తరబడి మూలన పడి ఉన్నవి సీజన్ రాగానే కదిలాయి. పనిచేయని పాత పిన్నుల్ని డిలీట్ చేయడం కంటే అదే పేజీకి కొత్త ఫొటోతో ఇంకో పిన్ చేయడం మేలు.

ఏఐ బొమ్మల గోల

ఎంబ్రాయిడరీ అని వెతికితే ఈ మధ్య ఏఐ బొమ్మలే సగం కనిపిస్తున్నాయి. దారం ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతుందో తెలియని పూలు, సూది పట్టని సందుల్లో కుట్లు. 2025లో పింటరెస్ట్ ఇలాంటివాటికి లేబుల్ వేయడం మొదలుపెట్టింది. అది ఒక్కోసారి చేత్తో చేసిన పనికి కూడా పడొచ్చు, అప్పుడు అప్పీల్ చేసుకునే వీలుంది. నా జాగ్రత్త నాది: ఒరిజినల్ ఫొటోలన్నీ దాచుకుంటాను, ఫోన్‌లోని ఏఐ క్లీనప్ టూల్స్ వాడను, వేళ్లు, సూది, వెనకవైపు ముడులు కనిపించేలా తీస్తాను. విచిత్రంగా ఈ గోల నాకు కొంత కలిసొచ్చింది కూడా. "ఇది నిజంగా కుట్టొచ్చా?" అని పిన్నుల కింద అడగడం మొదలైంది, వెనకవైపు ఫొటో ఒక్కటి చూపిస్తే జవాబు అయిపోతుంది.

వచ్చే నెలకి

కాడకుట్టు పిన్‌నే చిన్న వీడియోగా చేస్తున్నాను. మొదటి సెకనులోనే సూది గుడ్డలో ఉండాలి, పరిచయాలు, చేతులు ఊపడాలు ఉండవు, ఆడియో ఆపేసి చూసేవాళ్లకోసం ఒక్క లైను క్యాప్షన్. "ఆకులకు కుట్లు" బోర్డు పెద్దదైపోయింది, సన్న ఆకులు, వెడల్పు ఆకులు అని సెక్షన్లుగా విడగొట్టాలి. ఎక్కువ సేవ్‌లున్న పాత పిన్నుల లింకులన్నీ సరైన పేజీకే వెళ్తున్నాయో లేదో ఒక్కొక్కటీ నొక్కి చూడాలి. పేజీల అడ్రసులు మార్చినప్పుడు రెండు మూడు తెగి ఉంటాయని అనుమానం.