ఒక్క ఊపిరిలో ఎంతవరకు

గత ఏడాది ఆగస్టులో నాలుగు రోజులు విరేచనాలయ్యాయి. తగ్గాయి, మర్చిపోయాను. పది రోజుల తర్వాత అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టు తిమ్మిర్లు మొదలయ్యాయి. మూడో రోజుకు బడి మెట్లు ఎక్కలేకపోయాను. మా ఊళ్ళో డాక్టరు గారు రక్తపరీక్షలు చూసి అన్నీ బాగున్నాయన్నారు. "ఇంట్లో ఏమైనా గొడవలా? టెన్షన్ తగ్గించుకోమ్మా" అని మా ఆయన వైపు చూసి నవ్వారు. ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేసి పంపేశారు. ఇంట్లో గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోతుంటే అత్తయ్య "డాక్టరు గారే చెప్పారు కదమ్మా, మనసు గట్టి చేసుకో" అన్నారు.

అత్తయ్య మీద నాకు కోపం లేదు, ఆవిడ విన్నదే అన్నారు. ఆ డాక్టరు నవ్వును మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. చిన్న సుత్తితో మోకాలి కింద తడితే కాలు ఎగరాలి. నాది ఎగరలేదు. గుంటూరులో న్యూరాలజిస్టు గారు మొట్టమొదట చేసిన పని అదే, అర నిమిషం కూడా పట్టలేదు. "గులియన్ బారీ సిండ్రోమ్ అనుకుంటున్నాను" అన్నారు. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే నరాల మీద పడుతుందట. వెన్ను నీరు తీశారు, నరాలకు కరెంటు పెట్టి చూశారు. ఆ సాయంత్రమే ఐవీఐజీ మొదలుపెట్టారు. వేలమంది ఇచ్చిన ప్లాస్మా, అంటే రక్తంలోని కణాలు తీసేస్తే మిగిలే ద్రవం, దాన్నుంచి తీసిన మందు అది. నా బరువుకు రోజుకు 24 గ్రాముల చొప్పున ఐదు రోజులు.

మందు ఎక్కుతూనే ఉంది, ఆ రాత్రే ఊపిరి తగ్గడం మొదలైంది. సిస్టర్ శ్రీకాకుళం అమ్మాయి. "టీచరమ్మా, గట్టిగా ఊపిరి పీల్చి, ఆపకుండా ఒకటి నుంచి లెక్కపెట్టండి" అంది. పదిగంటలకు 19 దాకా వచ్చాను. పన్నెండింటికి 15. ఇరవై రెండేళ్ళు పిల్లలకు ఒంట్లు చెప్పినదాన్ని, రెండింటికి 11 దగ్గర ఆగిపోయాను. బుర్ర పూర్తిగా పనిచేస్తోంది. పన్నెండు అనే మాట నాలుక మీదే ఉంది, బయటికి తోయడానికి గాలి లేదు. ఆ అమ్మాయి పలక మీద రాసినట్టు అంకె రాసుకుని, నా చెయ్యి వదలకుండా డాక్టరుకు ఫోన్ చేసింది. నాలుగింటికి 7. గొంతులో గొట్టం వేసే ముందు మా ఆయన్ని లోపలికి పిలిచారు. చిన్నదాని ఫీజు కట్టమని చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను.

వెంటిలేటర్ మీద పదకొండు రోజులు. మందు అయిపోయినా వేళ్ళు కదలకపోతే, మా తమ్ముడు పొలం అమ్మైనా ఇంకో కోర్సు ఇప్పిస్తానన్నాడు. డాక్టరు గారు ఒప్పుకోలేదు. డబ్బున్నా వైద్యం చెయ్యరా అని ఆయన్ని నా వాళ్ళంతా తిట్టుకున్నారు, లోపల నేనూ తిట్టుకున్నాను. తర్వాత ఆయన కూర్చోబెట్టి చెప్పారు. నాలాగా కోలుకోవడం కష్టమనుకున్న వాళ్ళకు నెదర్లాండ్స్ పరిశోధకులు రెండో కోర్సు ఇచ్చి చూశారట. 2021లో ఫలితాలు వచ్చాయి: లాభం లేదు, రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలు మాత్రం పెరిగాయి. ఈ జబ్బుకు స్టెరాయిడ్లు ఒక్కటే ఇస్తే పనిచేయవని తేలి కూడా చాలా ఏళ్ళయిందట. మా ఊళ్ళో నాకు చేసిందేమో అదే.

ఇంటికొచ్చాక పడుకుని చదివింది ఇవే. 1985లో అమెరికా, కెనడాల్లో ఈ జబ్బు వచ్చిన 245 మంది మీద ప్లాస్మా మార్పిడిని, అంటే రోగి ప్లాస్మా తీసేసి దాని బదులు వేరే ద్రవం ఎక్కించడాన్ని, పరీక్షించారు. చీటీ తీసినట్టు సగం మందికి చేశారు, సగం మందికి చెయ్యలేదు. చేసినవాళ్ళు త్వరగా లేచి నడిచారు. ఐవీఐజీ దానికి తీసిపోదని 1992లో డచ్చి డాక్టర్లు చూపించారు. నేను ఆ చెయ్యని సగం గురించే ఆలోచిస్తుంటాను. ఆ వైద్యం తమకు అందకపోవచ్చని తెలిసి కూడా ఒప్పుకుని మంచం మీద పడుకున్నవాళ్ళు. నా కాళ్ళలో వాళ్ళ భాగం ఉంది. మా అమ్మ కోటప్పకొండ త్రికోటేశ్వర స్వామికి మొక్కుకుంది, శివరాత్రి తర్వాత వెళ్ళి తీర్చుకున్నాం. స్వామి ముందు వాళ్ళకు కూడా దణ్ణం పెట్టుకున్నాను.

తిమ్మిర్లు పాదాల నుంచి పైకి పాకుతుంటే, కాళ్ళు బలం తప్పుతుంటే, ముఖ్యంగా విరేచనాలో జ్వరమో వచ్చి తగ్గాక, ఆ రోజే నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. టెన్షన్ అంటే ఒప్పుకోకండి. మోకాలి కింద సుత్తితో తట్టి చూడమని అడగండి, సిగ్గుపడకండి.

డిశ్చార్జికి ముందు ఒక పీజీ అమ్మాయి వచ్చి, తన పరిశోధనకు నా రక్తం, నా కేసు వివరాలు వాడుకోవచ్చా అని అడిగింది. మా ఆయన వద్దన్నారు, ఇంకా సూదులా అని. నేను తలూపాను. పెన్ను పట్టుకుంటే జారిపోయింది, రెండోసారీ జారింది. మా బడి పిల్లల అమ్మలకు రాత్రి బడిలో సంతకం నేర్పినదాన్ని. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని సిరా పెట్టింది. వేలిముద్ర వేశాను.