బాత్రూంలో నాలుగు రంధ్రాలు

"ముందు అడగొచ్చు కదా?" అంది మా ఓనరమ్మ, పగిలిన టైల్ మీద వేలు పెట్టి. అరవలేదు. అరిచినా బాగుండేది.

మ్యూనిక్‌లో మాకిది మూడో ఏడు. పక్షవాతం వచ్చి ఎడమవైపు పట్టు తగ్గిన నాన్నగారు మూడు నెలల వీసా మీద వస్తున్నారని, టబ్బు పక్కన పట్టుకోవడానికి స్టీలు రాడ్డు బిగించాను. ఫ్రెండ్ డ్రిల్లు, శనివారం మధ్యాహ్నం. (ఆదివారం డ్రిల్లు చప్పుడైతే పక్కింటివాళ్లు ఊరుకోరు, అంతవరకు నేర్చుకున్నాను.) నాలుగో రంధ్రం దగ్గర టైల్ ఈ చివర నుంచి ఆ చివరకి వెంట్రుకవాసి చీలింది.

మనకివి కొత్తా? హైదరాబాదులో మేకు కొడితే కింద నుంచి ఓనరు గొంతు వినపడుతుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి అడ్వాన్సులో కోసుకుంటాడు. కానీ ఇంట్లో పెద్దాయనకు బాగోలేదంటే ఆయనే మేస్త్రీని పంపిస్తాడు... అని ఆ రాత్రి మా ఆవిడతో గంటసేపు వాదించాను. అంతా విని, "కూకట్‌పల్లి ఓనరు గీజరు పాయింటు కోసం ఆర్నెల్లు తిప్పాడు, మర్చిపోయారా?" అంది. మర్చిపోలేదు. ఆ పూటకి గుర్తు తెచ్చుకోదలచుకోలేదు.

ఆఫీసులో చెబితే ఇంకో సంగతి తెలిసింది. వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఇంట్లో మార్పులు చేసుకోనివ్వమని అద్దెకున్నవాళ్లు కోరవచ్చట. 2020 డిసెంబరు నుంచి ఇక్కడి సివిల్ కోడ్ 554వ సెక్షన్‌లో ఆ మాట ఉంది. ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్‌కీ అంతే, 2024లో బాల్కనీ సోలార్ ప్యానెల్‌నీ చేర్చారు. సరైన కారణం లేకుండా ఓనరు కాదనడానికి లేదు. కానీ కోరాలి. నాకు గుచ్చుకున్నది అక్కడే. అడిగితే వద్దంటారని మనకో నమ్మకం. అందుకే ముందు పని కానిచ్చేసి, తర్వాత బతిమాలుకుంటాం. ఒప్పుకోక తప్పని చోట కూడా నేను దొంగలా డ్రిల్లు పట్టుకున్నాను.

వారం తర్వాత ఓనరమ్మే సెల్లార్ నుంచి పాత టైల్ తెచ్చింది. ఇల్లు కట్టినప్పుడు మిగిలినవట. "ఐదుండేవి. ఇక నాలుగు." రంధ్రం టైల్ మీద కాదు, వీలైనంతవరకు రెండు టైల్స్ మధ్య సందులో వేయాలని గోరుతో గీసి చూపించింది. ఖాళీ చేసేనాడు రాడ్డు తీసి, రంధ్రాలు పూడ్చి ఇస్తానని కాగితం మీద సంతకం చేయించుకుంది. నాన్నగారికి నమస్తే కూడా చెప్పింది, రెండు చేతులూ జోడించి.

ఆయన వెళ్లి రెండు నెలలైంది. రాడ్డు మీద తడి టవల్ ఆరేసుకుంటున్నాం.